సభలో అందరికీ చోటు – మాడపాటి హనుమంతరావు

నలుగురు కూడినంత మాత్రాన అది సభ కాదు. కూడిన నలుగురిలో ప్రతి ఒక్కరికీ మాట్లాడే అవకాశం, ఆ మాటను ఆలకించే ఓర్పు తక్కినవారికీ ఉన్నప్పుడే అది సభ అనిపించుకుంటుంది. దేశాన్ని ఏలే శాసనసభకైనా, నగరాన్ని నడిపే పురపాలక సభకైనా, ఆ సభ నియమించే చిన్న ఉపసంఘానికైనా వర్తించే సూత్రం ఇదే. ఎవరి కోసం నిర్ణయాలు జరుగుతున్నాయో వారికి ఆ నిర్ణయాలలో పాలు లేనప్పుడు, ఎంత మంచి నిర్ణయమైనా వారికి పరాయిదిగానే తోస్తుంది. ఈ సత్యాన్ని ఒక అవమానకర సంఘటన నుండి గ్రహించి, అర్ధశతాబ్ది కాలం ఓపికతో ప్రజాసంస్థలను నిర్మించిన మహనీయులు మాడపాటి హనుమంతరావు. ప్రజలు ఆయనను ఆంధ్రపితామహుడని గౌరవించారు. స్వాతంత్ర్యానంతరం హైదరాబాదు నగరపాలక సంస్థకు తొలి మేయరుగా ఎన్నుకొన్నారు.

హనుమంతరావు 1885 జనవరి 22వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకట సుబ్బమ్మ, వెంకటప్పయ్య. చిన్ననాడే ఆయన నిజాం రాష్ట్రంలోని సూర్యాపేటకు చేరుకొన్నారు. బాల్య విద్యాభ్యాసం అక్కడ సాగింది. తరువాత హనుమకొండలో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, అక్కడే విద్యాశాఖ కార్యాలయంలో ఉద్యోగంలో చేరారు. తెలుగు, సంస్కృతాలతో పాటు ఉర్దూ, పారసీ, ఆంగ్ల భాషలను ఆయన శ్రద్ధగా అభ్యసించారు. ప్రజలు మాట్లాడే భాష ఒకటి, పాలకులు వాడే భాష మరొకటి అయిన రాజ్యంలో ఇన్ని భాషలు తెలిసిన వ్యక్తి ఉభయులకూ నడుమ వారధి వంటివాడు. హనుమంతరావు జీవితమంతా ఆ వారధి పాత్రనే నిర్వహించారని చెప్పవచ్చు.

హనుమకొండలో 1904లో స్థాపితమైన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఆయన ప్రజాసేవకు తొలి పాఠశాల అయింది. ఆ గ్రంథాలయ నిర్వహణలో పాలుపంచుకొన్న యువకునికి సంస్థను నడపడమంటే ఏమిటో తెలిసివచ్చింది. చందాలు వసూలు చేయడం, సభ్యులను కూడగట్టడం, లెక్కలు చూపడం, భిన్నాభిప్రాయాలను సహించడం ఆయనకు అక్కడే అలవడ్డాయి. ఆ తరువాత హైదరాబాదుకు వచ్చి శాసన విభాగంలో అనువాదకునిగా కొంతకాలం పనిచేశారు. 1917లో ప్రభుత్వోద్యోగాన్ని విడిచి న్యాయవాద వృత్తిని చేపట్టారు. సాహిత్యంలోనూ ఆయనకు అభినివేశం ఉండేది. మల్లికాగుచ్ఛము అనే కథాసంపుటిని ప్రకటించారు. తెలంగాణలో ఆధునిక కథారచనకు పూనుకొన్న తొలితరం వారిలో ఆయన ఒకరు.

ఆనాటి నిజాం రాష్ట్రపు స్థితిని కొంత తెలుసుకొంటేనే హనుమంతరావు కృషిలోని విలువ అవగతమవుతుంది. రాష్ట్రంలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు మూడూ ఉండేవి. ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారు. కాని రాజభాష ఉర్దూ. కచేరీలలో, న్యాయస్థానాలలో, పాఠశాలలలో దానిదే చెలామణి. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. ఒక భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పడం ఆ రోజులలో సాహసమే, శ్లాఘనీయమే. అయితే తెలుగు పల్లె నుండి వచ్చిన బాలునికి ఆ భాష ఆంగ్లమంత దూరమే. శాసనాలు చేసే సభ ఒకటి 1893 నుండి ఉన్నప్పటికీ, అందులో అధికారులదీ, ప్రభుత్వం నియమించిన వారిదే ప్రాబల్యం. సాధారణ ప్రజలు తమ ప్రతినిధులను తామే ఎన్నుకొనే ఏర్పాటు లేదు. సంఖ్యలో అధికులైనా సభలలో కనిపించని ప్రజలుగా తెలుగువారు ఉండిపోయారు.

ఈ పరిస్థితిని కళ్లకు కట్టిన సంఘటన 1921 నవంబరులో జరిగింది. హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార మహాసభ సమావేశమైంది. స్త్రీవిద్య కోసం జీవితాన్ని అంకితం చేసిన మహర్షి కర్వే ఆ సభకు అధ్యక్షులు. వక్తలు ఆంగ్లంలోనూ, ఉర్దూలోనూ, మరాఠీలోనూ ప్రసంగించారు. సభ అన్నింటినీ ఆలకించింది. అంతలో అలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడసాగారు. వెంటనే సభలో గోల చెలరేగింది. కొందరు చప్పట్లు చరిచారు, కొందరు ఎగతాళి చేశారు. ఆయన ప్రసంగం సాగలేదు. అధర్మాన్ని సంస్కరించడానికి కూడిన సభలోనే ఒక భాషకు అధర్మం జరిగింది.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఆ సభను నడిపినవారు దుష్టులు కారు. నగరంలోని సంస్కరణోద్యమానికి ఆ రోజులలో మరాఠీ విద్యావంతులే మార్గదర్శకులు. వామన నాయక్, కేశవరావు కోరట్కర్ వంటివారిని తెలుగువారు సైతం తమ పెద్దలుగా భావించేవారు. అయినా సభలో ఎవరి సంఖ్య ఎక్కువో, ఎవరు నిర్వాహకులో వారి అలవాటే న్యాయంగా చెల్లింది. అన్యాయం తరచు ద్వేషం వల్ల కాక, లేనివారిని తలచుకోకపోవడం వల్ల జరుగుతుందని చెప్పడానికి ఈ సంఘటన చక్కని నిదర్శనం.

నొచ్చుకొన్న తెలుగువారు ఆ రాత్రి ఒకచోట సమావేశమయ్యారు. హనుమంతరావుతో పాటు బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు మొదలైనవారు ఆ సమావేశంలో ఉన్నారు. కొద్దిమంది మాత్రమే కూడిన ఆ సమావేశంలో 1921 నవంబరు 12వ తేదీన ఆంధ్ర జనసంఘం ఆవిర్భవించింది. అవమానానికి అవమానమే ప్రతీకారమని వారు తలచలేదు. ఇతరుల సభను భగ్నం చేయడానికి బదులు, తమ ప్రజలకు తామే ఒక సభను నిర్మించుకొన్నారు. హనుమంతరావు దానికి కార్యదర్శియై, ఊరూరా శాఖలు ఏర్పడేందుకు శ్రమించారు. కొద్దికాలంలోనే పలు పట్టణాలలో జనసంఘాలు వెలిశాయి. వాటన్నింటినీ కలుపుతూ 1923లో ఆంధ్ర జన కేంద్రసంఘం ఏర్పడింది. రాజధానిలోని కొద్దిమంది న్యాయవాదుల గొంతు రాష్ట్రమంతటి తెలుగువారి గొంతు కావాలంటే, జిల్లాల ప్రతినిధులు అందులో ఉండక తప్పదు. కేంద్రసంఘం ఏర్పాటులోని ఆంతర్యం ఇదే.

సంఘం చేపట్టిన పనులు చూడడానికి చిన్నవి. గ్రంథాలయాలు, పఠనాలయాలు స్థాపించడం, విద్యార్థులకు సాయపడడం, శాసనాలను, తాళపత్ర గ్రంథాలను సేకరించడం, చిన్నచిన్న పుస్తకాలు అచ్చువేయడం వంటివే అవి. వీటిలో వెట్టిచాకిరిని గురించిన కృషి ప్రత్యేకంగా పేర్కొనదగినది. అధికారులు గ్రామాలకు వచ్చినప్పుడు కూలి ఇవ్వకుండా పనులు చేయించుకోవడం, సరుకులు ఉచితంగా తీసుకోవడం ఆనాటి ఆచారం. వెట్టిని నియంత్రిస్తూ ప్రభుత్వమే కొన్ని ఉత్తరువులు ఇచ్చి ఉంది. కాని అవి ప్రజలకు తెలియని భాషలో, కచేరీ కాగితాలలో నిద్రించాయి. సంఘం వాటిని వెలికితీసి తెలుగులో ప్రకటించింది. తనకు అనుకూలంగా ఒక చట్టముందని తెలియనివాడు ఆ చట్టం లేనివానితో సమానం. తెలిసిన మరుక్షణం అతడు అడగడం నేర్చుకొంటాడు. పరుషవాక్యం ఒక్కటైనా లేని ఆ చిన్న పుస్తకాలు పల్లెల్లో ధైర్యాన్ని నింపాయి.

సంఘం క్రమంగా ఆంధ్ర మహాసభగా రూపుదాల్చింది. ఆ కాలంలో నిజాం రాష్ట్రంలో బహిరంగ సభ జరపడం సులభం కాదు. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు ప్రకారం ముందుగా ప్రభుత్వానుమతి పొందాలి. హనుమంతరావు వంటివారు ఓర్పుతో అర్జీలు పెట్టి, షరతులకు లోబడి అనుమతి సంపాదించారు. 1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. స్త్రీలకు వేదిక దొరకడమే అరుదైన ఆ రోజులలో ఇది గొప్ప ముందడుగు.

అయితే ప్రాతినిధ్యమనేది ఒక్కసారి తెరిచి వదిలేసే తలుపు కాదు. ఒకరు లోపలికి వచ్చిన తరువాత, తమ వెనుక నిలబడి ఉన్నవారు ఎవరో చూడవలసి ఉంటుంది. అంటరానితనం ప్రస్తావన వచ్చినప్పుడు, ఆది హిందువుల నాయకులు భాగ్యరెడ్డివర్మ వంటివారు తమతో పాటు వేదికపై నిలిచి మాట్లాడడం సనాతనులలో కొందరికి రుచించలేదు. తమ భాషకు గౌరవం దక్కలేదని పుట్టిన సంస్థ, తమలోనే మరొకరికి గౌరవం నిరాకరిస్తే ఆ పుట్టుకకు అర్థమేమి? సంస్కరణవాదులు ఈ ప్రశ్నను దాటవేయలేదు. సాంఘిక సంస్కరణ మహాసభ కార్యక్రమంలో భాగమయింది. కాని ఆ ప్రశ్న పూర్తిగా తీరిందని చెప్పడానికి వీలులేదు. అది నేటికీ ప్రతి సభనూ పరీక్షించే ప్రశ్నయే.

1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్ర మహాసభకు హనుమంతరావు అధ్యక్షత వహించారు. అప్పటికి నగరంలో ఆయన మరో మహత్కార్యాన్ని ఆరంభించి ఏడేళ్లు గడిచాయి. 1928లో తెలుగు బాలికల కోసం నెలకొల్పిన ఆ పాఠశాల నారాయణగూడలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాలగా ఎదిగింది. ఉర్దూ మాధ్యమం లేనిదే ఉన్నత పాఠశాలకు గుర్తింపు దొరకని కాలమది. తెలుగులోనే బోధించాలన్న పట్టుదలతో నిర్వాహకులు పూనాలో కర్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయం అండ పొందారు. ఏ మహర్షి అధ్యక్షత వహించిన సభలో తెలుగు మాట ఆగిపోయిందో, ఆ మహర్షి విద్యాసంస్థే తెలుగు బాలికల చదువుకు ఆసరాగా నిలిచింది. పగను పెంచుకోకుండా సఖ్యతను పెంచుకొన్న హనుమంతరావు స్వభావానికి ఇది తగిన ఫలం. ఆ పాఠశాల తరువాతి కాలంలో ఆయన పేరనే ప్రసిద్ధి పొందింది.

1937లో నిజాం ప్రభుత్వం రాజ్యాంగ సంస్కరణలను సూచించడానికి అరవముదు అయ్యంగారు అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. రాష్ట్రంలో ప్రాతినిధ్యం ఎవరికి, ఎంత, ఏ పద్ధతిలో అన్న చర్చ అప్పటి నుండి తీవ్రమయింది. 1939లో ప్రకటించిన సంస్కరణల ప్రకారం 85 మంది సభ్యుల శాసనసభలో ఎన్నికయ్యేవారు 42 మంది మాత్రమే. వారు కూడా ప్రాంతాల నుండి కాక జాగీరుదారులు, న్యాయవాదులు, వర్తకులు వంటి వర్గాల నుండి ఎన్నిక కావాలి. ఊరికి ప్రతినిధి అంటే ఆ ఊరిలోని అందరికీ జవాబుదారి. వర్గానికి ప్రతినిధి అంటే ఆ వర్గానికే జవాబుదారి. ఏ వర్గంలోనూ చేరని కూలీ, కౌలురైతు ఈ లెక్కలో ఎక్కడా కనిపించరు. ఈ సంస్కరణలను స్వీకరించి ముందుకు సాగుదామా, తిరస్కరించి పోరాడుదామా అన్నదానిపై ఆంధ్ర మహాసభలో అభిప్రాయభేదాలు పొడసూపాయి.

హనుమంతరావు మితవాది. చట్టం హద్దులలో ఉంటూ, అర్జీ ద్వారా, విద్య ద్వారా, నచ్చజెప్పడం ద్వారా సాధించినదే నిలుస్తుందని ఆయన నమ్మకం. కాని దేశముఖుల దోపిడీకి గురవుతున్న పల్లెప్రజల ఆవేదనకు ఈ నిదాన మార్గం చాలలేదు. రావి నారాయణరెడ్డి వంటి యువనాయకులు సభ్యత్వ రుసుము తగ్గించి, మహాసభను సామాన్య రైతుకూలీల చెంతకు చేర్చారు. 1944లో భువనగిరి సమావేశంలో మహాసభ రెండుగా చీలింది. చరిత్రకారులు ఎవరి పక్షం వహించినా ఒక సత్యాన్ని కాదనలేరు. పెద్దలు వేసిన వేదిక లేనిదే యువకులు నిలువలేరు. యువకులు ద్వారాలు తెరవనిదే ఆ వేదిక విద్యావంతులకే పరిమితమై ఉండేది. తెలంగాణా ఆంధ్రోద్యమము అనే తమ గ్రంథంలో హనుమంతరావు ఈ ఉద్యమచరిత్రను గ్రంథస్థం చేశారు. తెలంగాణ ప్రజాజీవితాన్ని అధ్యయనం చేసేవారికి అది అవశ్యపఠనీయం.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియనులో విలీనమయింది. నగరపాలనలోనూ మార్పులు వచ్చాయి. హైదరాబాదులో పురపాలన 1869లోనే ఆరంభమయింది. 1933లో చాదర్‌ఘాట్ పురపాలక సంఘాన్ని కలిపి నగరానికి కార్పొరేషను ప్రతిపత్తి ఇచ్చారు. 1942లో ఆ ప్రతిపత్తిని తొలగించారు. 1950 నాటి చట్టంతో అది తిరిగి లభించింది. ఎన్నికల అనంతరం 1951లో హనుమంతరావు మేయరు పదవిని అలంకరించి, 1954 వరకు ఆ స్థానంలో కొనసాగారు. అప్పటికి ఆయన వయస్సు 66 ఏళ్లు.

ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, హిందీ మాట్లాడే ప్రజలు కలిసి బ్రతికే నగరం అది. మూడు దశాబ్దాల క్రితం తోటి న్యాయవాది తెలుగు మాటను సభ వినకపోవడం చూసిన వ్యక్తి, ఇప్పుడు అదే నగరపు సభలో ఎవరికి మాట్లాడే వంతు ఇవ్వాలో నిర్ణయించే పీఠంపై కూర్చున్నారు. మేయరు పదవికి ఆడంబరం ఎక్కువ, అధికారం తక్కువ. దైనందిన పాలన కమిషనరు చేతిలో ఉంటుంది. వ్యయాలను, పనులను పరిశీలించే బాధ్యత స్థాయీ సంఘం వంటి ఉపసంఘాలది. అందుచేత సభలో సభ్యత్వం ఎంత ముఖ్యమో, ఉపసంఘాలలో చోటు అంతకంటె ముఖ్యం. కేవలం అధికసంఖ్యాకుల ఓటుతోనే ఉపసంఘాన్ని నింపితే, 51 మంది ఉన్న పక్షానికి అన్ని స్థానాలూ దక్కి, 49 మంది ఉన్న పక్షానికి ఒక్కటీ దక్కకపోవచ్చు. లెక్క ప్రకారం అది ఎన్నికే, న్యాయం ప్రకారం మాత్రం కాదు. బలాబలాలకు అనుగుణంగా స్థానాలు పంచుకోవడం, అల్పసంఖ్యాకుల అభిప్రాయాన్ని వినడం అన్ని సభలలోనూ సత్సంప్రదాయం.

1955లో భారత ప్రభుత్వం హనుమంతరావును పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి ఆయన తొలి అధ్యక్షులై 1964 వరకు ఆ పదవిని నిర్వహించారు. జీవితారంభంలో గ్రంథాలయ సభను, జీవితమధ్యంలో ప్రజాసభను, జీవితాంతంలో నగరసభను, శాసనమండలిని నడిపిన ఘనత ఆయనది. 1970 నవంబరు 11వ తేదీన ఆయన తుదిశ్వాస విడిచారు. ఆంధ్ర జనసంఘం పుట్టిన దినానికి మర్నాటితో సరిగ్గా 49 సంవత్సరాలు.

హనుమంతరావు మేయరుగా ఉన్న రోజులలో నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం కార్పొరేషను హద్దులకు వెలుపలి గ్రామాలు. కాలక్రమాన నాచారంలో పారిశ్రామికవాడ వెలిసింది. ఉప్పల్ చుట్టూ కర్మాగారాలు, పరిశోధనాలయాలు, కాలనీలు విస్తరించాయి. పని వెతుక్కొంటూ జిల్లాల నుండి, ఇతర రాష్ట్రాల నుండి వచ్చినవారు ఇక్కడ స్థిరపడ్డారు. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007 ఏప్రిల్ 16వ తేదీన మహానగరపాలక సంస్థలో విలీనమయింది. 2009లో 150 వార్డులకు ఎన్నికలు జరిగినప్పుడు ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ విడివిడి వార్డులుగా తమ ప్రతినిధులను పంపాయి. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు పురపాలక సభలలో స్థానాలను కేటాయించింది. 2020 ఎన్నికలలో 150 స్థానాలలో సగం స్త్రీలకే కేటాయించారు. జోగిపేటలో స్త్రీలు విడిగా సభ జరుపుకొన్న నాటి నుండి ఇక్కడికి చేరడానికి ఎన్నో దశాబ్దాలు పట్టింది.

సొంత పురపాలక సంఘం ఉన్నప్పుడు ఇంటి ముందరి మురుగు కాలువ గురించి వీధి చివరి కార్యాలయంలో అడగగలిగిన పౌరుడు, మహానగర సభలో 150 గొంతుల నడుమ తన గొంతు వినిపించుకోవలసి వచ్చింది. నగరం పెరిగిన కొద్దీ ప్రతినిధికీ ప్రజలకూ దూరం పెరుగుతుంది. ఆ దూరాన్ని తగ్గించే బాధ్యత ఎన్నికైనవారిది ఎంతో, ఎన్నుకొన్నవారిది అంతే. ఓటు వేయడంతో పౌరధర్మం ముగియదు. సభలో తన వార్డు మాట వినబడుతున్నదా, వినబడనివారు ఇంకెవరైనా ఉన్నారా అని విచారించడం కూడ పౌరధర్మమే. మాట దక్కనివారికి మాట దక్కించడం, మాట దక్కినవారికి ఇతరుల మాట వినే ఓర్పు నేర్పడం మాడపాటి హనుమంతరావు జీవితం మనకు అందించే సందేశం.

ప్రశ్నలు

1. ఆంధ్ర జనసంఘం ఆవిర్భావానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. వెట్టిచాకిరి విషయంలో సంఘం చేసిన కృషి ఎట్టిది?
3. వర్గాలవారీ ప్రాతినిధ్యానికీ ప్రాంతాలవారీ ప్రాతినిధ్యానికీ గల భేదమేమి?
4. ఉపసంఘాలలో అల్పసంఖ్యాకులకు చోటు ఎందుకు అవసరమో మీ మాటల్లో రాయండి.
5. మితవాదుల, యువనాయకుల మార్గాలను పోల్చి, మీ అభిప్రాయాన్ని సకారణంగా తెలపండి.